గ్రేట్ వైట్‌ను బోనులోంచి చూడాలంటే ముందు అది ఎక్కడుందో కనుక్కోండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: హన్మకొండలో టీచర్‌గా పనిచేస్తున్న ఒక చెల్లెమ్మ వచ్చే వేసవి సెలవుల్లో భర్తతో కలిసి దక్షిణాఫ్రికా వెళ్లి, బోనులో దిగి గ్రేట్ వైట్ షార్క్‌ను చూడాలనుకుంటోంది. ఈత అంతంతమాత్రం. కళ్లద్దాలు ఉన్నాయి. అత్తమామలు వద్దంటున్నారు. ప్రాణాపాయం ఉందా, ఈత సరిగా రాకపోతే దిగనిస్తారా, అంత ఖర్చు పెట్టుకుని వెళ్తే సొర కనిపిస్తుందా, ఎర వేసి దాన్ని పిలవడం తప్పు కాదా అని అడిగింది.

చెల్లెమ్మా, నాది నర్సంపేట. స్కూబా నేర్పించడం నా వృత్తి. దక్షిణాఫ్రికాలో గాన్స్‌బాయ్ పక్కనున్న క్లైన్‌బాయ్ రేవులో కేజ్ డైవింగ్ (బోనులో దిగి సొరను చూడటం) పడవల మీద కొన్ని సీజన్లు పనిచేశాను. మీ నాలుగు ప్రశ్నల్లో మూడోదే అసలైన ప్రశ్న. చాలామంది దాన్ని అడగరు, టికెట్లు కొనేస్తారు. అందుకే దానితోనే మొదలుపెడతాను.

కేప్‌టౌన్ నుంచి గాన్స్‌బాయ్‌కి కారులో రెండు, రెండున్నర గంటలు పడుతుంది. గ్రేట్ వైట్‌లకు ప్రపంచ రాజధాని అని ఏళ్ల తరబడి చెప్పుకున్న ఊరు అది. తీరానికి కొద్ది దూరంలో డయర్ దీవి, దాని పక్కనే గీజర్ రాక్ అనే రాతి దిబ్బ ఉన్నాయి. ఆ దిబ్బ మీద వేలకు వేల కేప్ ఫర్ సీల్స్ అనే సముద్ర జంతువులు ఉంటాయి. వాటికోసం అక్కడి చలికాలంలో, అంటే జూన్, జులై ప్రాంతంలో, సొరలు ఆ రెండింటి మధ్యనున్న ఇరుకు పాయలోకి వచ్చేవి. దాన్నే షార్క్ ఆలీ అంటారు. మీరు యూట్యూబ్‌లో చూసిన వీడియోలు అక్కడివే అయితే, అవి ఎప్పుడు తీసినవో ఒకసారి తేదీ చూడండి.

ఎందుకంటే 2017లో అక్కడ పరిస్థితి తలకిందులైంది. ఆ ఏడాది గాన్స్‌బాయ్ చుట్టుపక్కల తీరానికి గ్రేట్ వైట్‌ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఒంట్లో కాలేయం లేదు. అది ఓర్కాల పని, అంటే కిల్లర్ వేల్స్ అని పిలిచే పెద్ద వేట జంతువుల పని. సొర కాలేయం నూనెతో నిండి ఉంటుంది, శరీరం బరువులో నాలుగో వంతు దాకా ఉండొచ్చు. ఓర్కాలు సొరను చీల్చి, అంత కొవ్వున్న ఆ ఒక్క భాగాన్నీ తిని మిగతాది వదిలేశాయి. ఇందులో పేరుమోసినవి రెండు మగ ఓర్కాలు. ఒకదాని వీపు రెక్క ఎడమకు వాలిపోయి ఉంటుంది, ఇంకోదానిది కుడికి. అందుకని నావికులు వాడే మాటలతో వాటికి పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. 2023 జూన్‌లో మోసెల్ బే దగ్గర స్టార్‌బోర్డ్ ఒక్కటే, తోడు లేకుండా, రెండున్నర మీటర్ల పిల్ల సొరను రెండు నిమిషాల లోపే చంపింది. పడవల మీద ఉన్నవాళ్లు దాన్ని కళ్లారా చూశారు.

ఓర్కాలు ఒక్కసారి వచ్చి వెళ్తే చాలు, గ్రేట్ వైట్‌లు ఆ చోటు ఖాళీ చేసి వారాలు, కొన్నిసార్లు నెలల తరబడి తిరిగి రావడం లేదు. కేప్‌టౌన్ పక్కనే ఉన్న ఫాల్స్ బేలో, నీళ్లలోంచి గాల్లోకి ఎగిరి సీల్‌ను పట్టే సొరలకు పేరున్న సీల్ ఐలాండ్ దగ్గర కూడా అవి కనబడటం దాదాపు ఆగిపోయింది. తప్పంతా ఓర్కాలదేనా అన్న దాని మీద శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. దక్షిణాఫ్రికా తూర్పున ఉన్న క్వాజులు నటాల్ తీరంలో స్నానాల బీచ్‌ల దగ్గర కట్టిన వలల్లో, డ్రమ్‌లైన్ గాలాలకు (నీటి మీద తేలేదానికి కట్టి వేసే ఎర గాలాలు) గ్రేట్ వైట్‌లు చిక్కి చస్తూనే ఉన్నాయి. అవి తినే చిన్న సొరలను చేపల వేట పడవలు పట్టుకుపోతున్నాయి. మొత్తం సంఖ్యే తగ్గిందని కొందరు, తూర్పు తీరానికి జరిగాయని కొందరు అంటున్నారు. మీకు మాత్రం ఫలితం ఒక్కటే. గాన్స్‌బాయ్‌లో ఈరోజు బోనులో దిగితే ఎక్కువగా కనిపించేది బ్రాంజ్ వేలర్ అనే రాగి రంగు సొర. రెండు మూడు మీటర్లు ఉంటుంది, చురుకైనది, గుంపుగా వస్తుంది. చూడటానికి బాగుంటుంది. కానీ మీరు ఇంత దూరం వెళ్లేది దాని కోసం కాదు.

చాలా వెబ్‌సైట్ల మీద బొమ్మ గ్రేట్ వైట్‌దే ఉంటుంది, లోపల రాతలో 'షార్క్‌లు' అని మాత్రమే ఉంటుంది. అందుకే బుకింగ్‌కు ముందు ఈమెయిల్ పెట్టి సూటిగా అడగండి: గత నెల రోజుల్లో ఏయే రోజుల్లో గ్రేట్ వైట్ కనిపించింది? మంచి కంపెనీలు రోజువారీ లాగ్ రాస్తాయి, ఫొటోలతో సహా. ఆ లాగ్ చూపించమనండి. ఏ సొరా రాకపోతే డబ్బు వాపసు ఇస్తారా, ఇంకో ట్రిప్పుకు వోచర్ ఇస్తారా? బ్రాంజ్ వేలర్ వస్తే దాన్ని 'సొర కనిపించింది' కింద లెక్కేస్తారా? ఈ చివరి ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పని కంపెనీని పక్కన పెట్టేయండి.

నా మాట అడిగితే, గ్రేట్ వైటే కావాలి, ఇంకేదీ వద్దు అనుకుంటే దక్షిణాఫ్రికా వద్దు. దక్షిణ ఆస్ట్రేలియాలో పోర్ట్ లింకన్ అనే ఊరికి వెళ్లండి. అడిలైడ్ నుంచి గంటలోపు విమాన ప్రయాణం. అక్కడి నుంచి పడవలో నెప్ట్యూన్ దీవులకు రెండున్నర, మూడు గంటలు. ఆస్ట్రేలియా మొత్తంలో గ్రేట్ వైట్ కేజ్ డైవింగ్‌కు అనుమతి ఉన్న చోటు అదొక్కటే. ఏడాది పొడవునా సొరలు ఉంటాయి. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి కదా, అక్కడ పెద్ద ఆడ సొరలు రావడం మొదలయ్యేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఖర్చు ఎక్కువే. కానీ సగం ఖర్చుతో వెళ్లి వేరే సొరను చూసి వచ్చేకన్నా ఒక ఏడాది ఆగి డబ్బు కూడబెట్టుకుని పోర్ట్ లింకన్‌కు వెళ్లడం నయం. మెక్సికోలో గ్వాడలూపే దీవి గురించి ఎవరైనా చెబితే అది పాత సమాచారం. అక్కడ నీళ్లు అద్దంలా ఉండేవి, నిజమే. కానీ 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం అక్కడ షార్క్ టూరిజాన్ని పూర్తిగా మూసేసింది.

సొరతో పాటు కేప్ (కేప్‌టౌన్ చుట్టుపక్కల ప్రాంతం) కూడా చూడాలి, పెంగ్విన్‌లు, హెర్మానస్ ఊరి దగ్గర తిమింగలాలు, ద్రాక్షతోటలు అన్నీ కావాలి అనుకుంటే గాన్స్‌బాయ్ వెళ్లండి. అప్పుడు గ్రేట్ వైట్ కనిపిస్తే అదృష్టం అనుకోవాలి. ఒక్కరోజు ట్రిప్పు సుమారు రెండు నుంచి మూడున్నర వేల ర్యాండ్లు ఉంటుంది. ర్యాండ్ అంటే మన అయిదు రూపాయలకు కాస్త అటూ ఇటూ.

ఇక ప్రాణాపాయం. మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి. ప్రపంచం మొత్తంలో, మనిషి కవ్వించకుండా సొర తనంతట తాను కరిచిన ఘటనలు ఏడాదికి సగటున 60, 70 మధ్య నమోదవుతాయి, అన్ని జాతుల సొరలూ కలిపి. అవి కూడా ఎక్కువగా సర్ఫింగ్ చేసేవాళ్లకు, ఈదేవాళ్లకు జరిగినవి. గ్రేట్ వైట్‌ను చూడటానికి బోనులో దిగడాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు సొర కాటు నుంచి బతికి బయటపడిన మనిషే. రాడ్నీ ఫాక్స్ అనే ఆస్ట్రేలియన్‌ను 1963లో చేపలు వేటాడే పోటీలో గ్రేట్ వైట్ పక్కటెముకల మీద కరిచి పట్టుకుంది. బతికాడు. ఆ తర్వాత సొరను దగ్గర నుంచి చూడటానికి బోను తయారు చేయించి, మిగతా జీవితమంతా సొరల గురించి జనానికి చెప్పడంలోనే గడిపాడు.

2016లో గ్వాడలూపే దగ్గర ఒక సొర బోనులోకి దూరిన వీడియో మీరు చూసే ఉంటారు. అది మనిషి మీదికి వచ్చింది కాదు. ఎరను కొరికి ముందుకు దూసుకొచ్చి బోనుకు తగిలింది. సొర వెనక్కి ఈదలేదు, అందుకని ముందుకే తోసుకుంటూ లోపల పడింది. బోనులో ఉన్న మనిషికి గీత కూడా పడలేదు. ఇలాంటిది జరగకుండా చూడాల్సింది ఎర తాడు పట్టుకున్న మనిషి. తాడును బోనుకు అడ్డంగా, పక్కనుంచి లాగాలి, నేరుగా బోను వైపు లాగకూడదు. మీకన్నా ముందు దిగిన బ్యాచ్‌ను చూస్తూ ఆ మనిషి చేతుల మీద ఒక కన్నేసి ఉంచండి. సొర దగ్గరికి వచ్చిన ప్రతిసారీ థ్రిల్ కోసం ఎరను బోను మీదికి లాగుతున్నాడంటే ఆ పడవ మంచిది కాదు.

నాకు భయం సొరను చూసి కాదు, సముద్రాన్ని చూసి. 2008 ఏప్రిల్‌లో గాన్స్‌బాయ్ దగ్గర ఒక కేజ్ డైవింగ్ పడవ పెద్ద అల తగిలి బోల్తా పడి ముగ్గురు పర్యాటకులు చనిపోయారు. సొరకు దానితో ఏ సంబంధమూ లేదు. కాబట్టి పడవ పెద్దదా చిన్నదా, రెండు ఇంజన్లు ఉన్నాయా, లైఫ్ జాకెట్ తప్పనిసరా, గాలి ఎక్కువైతే ట్రిప్పు రద్దు చేస్తారా అని అడగండి. 'మేం ఎప్పుడూ రద్దు చేయం' అని గొప్పగా చెప్పేవాళ్ల పడవ ఎక్కకండి. వాతావరణం బాగోలేక ట్రిప్పు ఆగిపోతే ఇంకో రోజు చేతిలో ఉండేలా అక్కడ కనీసం మూడు రోజులు పెట్టుకోండి. మే, జూన్ నెలల్లో కేప్ వైపు చలిగాలులు, తుఫానులు మొదలవుతాయి. పొద్దున రేవుకు వెళ్లాక ఈరోజు లేదు అనడం అక్కడ మామూలే.

ఈత గురించి పరేషాన్ కావద్దు. దక్షిణాఫ్రికా బోనులో ఈదే పనే లేదు. ఇనుప బోనును పడవ పక్కకు గట్టిగా కట్టేస్తారు, పైభాగం నీళ్లకు పైనే ఉంటుంది. అయిదారుగురు పక్కపక్కన నిలబడతారు. గాలి సిలిండర్ ఉండదు. తల బయట పెట్టి ఊపిరి పీలుస్తూ ఉంటారు. పైనున్న సిబ్బంది సొరను చూసి 'డౌన్! లెఫ్ట్!' అని అరవగానే లోపలి కమ్మీ పట్టుకుని మునగాలి, ఎడమకు చూడాలి. పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబడితే చాలు. మనవైపు వ్యవసాయ బావుల్లో మునకలేసిన పిల్లలకు ఇది లెక్కే కాదు. కానీ మొహం నీళ్లలో పెట్టడమంటేనే టెన్షన్ పడేవాళ్లకు ఆ అరుపు వినగానే చేతులు బిగుసుకుపోతాయి. అందుకని వెళ్లే ముందు నెల రోజులు ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లి, మాస్క్ పెట్టుకుని గట్టు పట్టుకుని మునిగి లేవడం ప్రాక్టీస్ చేయండి. పూల్‌లో ఈతకొట్టే కళ్లజోడు వేరు, మాస్క్ వేరు. మాస్క్ ముక్కును కూడా కప్పేస్తుంది, నోటితో ఊపిరి తీసుకోవడం అలవాటు కావాలి.

బోనులో మీకు ఎదురయ్యే అసలు కష్టం ఇంకోటి ఉంది. చలి తగలకుండా వేసుకునే వెట్‌సూట్ దళసరి రబ్బరు కాబట్టి పైకి తేలుతుంది. నడుముకు బరువుల బెల్టు కట్టినా కాళ్లు వెనక్కి లేచిపోతుంటాయి, ఒక్కోసారి కమ్మీల సందులోంచి పాదం బయటికి వెళ్తుంది. కింద పాదాల దగ్గర ఒక కమ్మీ ఉంటుంది. కాలివేళ్లు దాని కిందికి దూర్చి పెట్టుకోండి. చేతులు ఎప్పుడూ లోపలి కమ్మీ మీదే. బయటి కమ్మీని పట్టుకుంటే పడవ మనిషి గట్టిగా అరుస్తాడు, అరవాలి కూడా.

నీళ్లు గాన్స్‌బాయ్‌లో ఆకుపచ్చగా, వానలు పడ్డాక మన పాకాల చెరువులా ఉంటాయి. మూడు నాలుగు మీటర్లు కనిపిస్తే మంచిరోజు అనుకోవాలి. నెప్ట్యూన్ దగ్గర చాలా తేటగా ఉంటాయి. కొత్తవాళ్లందరూ చేసే పని ఎర వైపే చూడటం. తాడుకు కట్టిన ట్యూనా తలకాయ మీదే కళ్లు పెట్టుకుని ఉంటే సొర వచ్చి వెళ్లిపోయాక తోక మాత్రమే కనిపిస్తుంది. చేప నూనె, చేప ముక్కలు కలిపిన నీళ్లు పోస్తుంటారు కదా, ఆ నూనె జిడ్డు నీటి వాలును బట్టి ఒక దారిలా పోతుంది. సొర ఆ దారి వెంట, కింది నుంచి వస్తుంది. ఆ వైపు, ఎర కన్నా లోతుకు చూడండి.

ముందు నీళ్లలో ఒకచోట రంగు కాస్త ముదురుతుంది. ఏ చప్పుడూ ఉండదు. వీపు ముదురు బూడిద రంగు కాబట్టి పైనుంచి చూస్తే చీకటి నీళ్లలో కలిసిపోతుంది, కడుపు తెలుపు కాబట్టి కింది నుంచి చూస్తే వెలుతురులో కలిసిపోతుంది. రెండు రంగులు కలిసే గీత వంకరగా ఉంటుంది, సొర సొరకూ తేడా ఉంటుంది. పక్కనుంచి సాగిపోతున్నప్పుడు అయిదు పొడుగాటి మొప్ప చీలికలు లెక్కపెట్టొచ్చు. ముక్కు కింద మిరియపు గింజ పొడి చల్లినట్టు చిన్న నల్ల చుక్కలు ఉంటాయి. అవి రంధ్రాలు. ఎదుటి ప్రాణి కండరం కదిలితే పుట్టే అతి సన్నని విద్యుత్తును వాటితో పసిగడుతుంది. కన్ను మామూలుగా నల్లగా కనిపిస్తుంది, ఎండ సరిగ్గా పడితే అది ముదురు నీలం అని తెలుస్తుంది. ఎరను పట్టే క్షణంలో ఆ కన్ను దెబ్బ తగలకుండా వెనక్కి తిరిగిపోతుంది, తెల్లటి గుండు మిగులుతుంది. దాన్ని చూడగలిగితే వీపు రెక్క వెనక అంచును కూడా చూడండి. ఆ అంచులోని గంట్లను బట్టే పరిశోధకులు ఒక్కో సొరను గుర్తుపడతారు. కెమెరా మీ ఆయనకు ఇచ్చేయండి. మొదటి రెండు మూడు సార్లు కళ్లతోనే చూడండి.

చలి గురించి తేలిగ్గా తీసుకోకండి. మే, జూన్‌లలో నీళ్లు 13 నుంచి 16 డిగ్రీలు, అంటే మన దగ్గర డిసెంబర్ తెల్లవారుజామున ఉండే చలి. గ్రేట్ వైట్ తన కండరాల వేడిని బయటికి పోనివ్వకుండా ఒంట్లోనే నిలుపుకోగలదు, అందుకే ఆ నీళ్లలో అంత వేగంగా కదులుతుంది. మీకు ఆ సౌకర్యం లేదు. 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్, టోపీ, బూట్లు ఇస్తారా అని అడగండి. బయటికి వచ్చాక వేసుకోవడానికి పొడి బట్టలు, మంకీ క్యాప్ పట్టుకెళ్లండి.

వాంతులు. ఎక్కువమంది రోజు పాడయ్యేది దీనితోనే. లంగరు వేసిన పడవ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, దానికి చేప నూనె కంపు తోడు. ఖాళీ కడుపుతో ఎక్కకండి. కాల్చిన బ్రెడ్, అరటిపండు తినండి. వాంతి మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టర్‌ను అడిగి పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోండి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అది నిద్ర తెప్పించేది అయితే ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి. పడవలో లోపలి గదిలో కూర్చోకండి, వెనక భాగంలో నిలబడి దూరంగా కనిపించే గట్టునో, ఆకాశపు అంచునో చూస్తూ ఉండండి. ఫోన్ చూడకండి. గుండె జబ్బు, ఫిట్స్, తీవ్రమైన ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకూడదు.

కళ్లద్దాల మీద మాస్క్ పట్టదు. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ అలవాటు చేసుకోండి, లేదా పవర్ ఉన్న మాస్క్ ఇస్తారేమో ముందే అడగండి. ఆ రోజు తలకు కొబ్బరినూనె రాయకండి, మాస్క్ పట్టీ జారిపోతుంది. జుట్టు గట్టిగా జడ వేసుకోండి. ఒక్క వెంట్రుక మాస్క్ అంచు కింద ఇరుక్కున్నా నీళ్లు లోపలికి కారుతూనే ఉంటాయి. మీ ఆయనకు మీసాలు గుబురుగా ఉంటే ఆయనకూ ఇదే సమస్య. ఉంగరాలు, గాజులు రూమ్‌లో పెట్టేయండి. పుస్తెలతాడు వెట్‌సూట్ లోపలికి తోసుకుంటే చాలు.

చివరి ప్రశ్న మీరు అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది. ఎర వేయడం తప్పా? పూర్తిగా తప్పు లేదనను. నెప్ట్యూన్ దీవుల దగ్గర చేసిన పరిశోధనల్లో, ట్రిప్పులు పెరిగాక సొరలు ఆ చోట ఎక్కువ రోజులు ఉంటున్నాయని, పడవలు వచ్చిన రోజుల్లో ఎక్కువ శక్తి ఖర్చు చేస్తున్నాయని తేలింది. అక్కడి ప్రభుత్వం పడవలు వెళ్లే రోజులకు హద్దు పెట్టింది. ఎరను సొరకు తినిపించకూడదు, నోటికి అందకముందే లాగేయాలి. మనుషుల మీద దాడులు దీనివల్లే పెరిగాయని మాత్రం రుజువు కాలేదు. ఇవి ఒకచోట కట్టేసినట్టు ఉండే ప్రాణులు కావు. 2003 నవంబర్‌లో గాన్స్‌బాయ్ దగ్గర, ఎటు వెళ్తోందో తెలిపే ట్యాగ్ వేసిన నికోల్ అనే ఆడ సొర 99 రోజుల్లో హిందూ మహాసముద్రం దాటి, సుమారు 11,000 కిలోమీటర్లు ఈది పశ్చిమ ఆస్ట్రేలియా చేరింది. తొమ్మిది నెలలు గడిచేసరికి తిరిగి గాన్స్‌బాయ్‌లోనే ఉంది.

అదే సమయంలో ఇవి చాలా నెమ్మదిగా పెరిగే ప్రాణులు. అట్లాంటిక్ సొరల వెన్నుపూసల మీద చేసిన అధ్యయనం ప్రకారం ఆడ సొర పిల్లలు పెట్టే వయసుకు రావడానికి 30 ఏళ్లు దాటుతుంది. ఒక్కటి చచ్చినా ఆ లోటు తీరడానికి ఒక తరం కావాలి. 1991లో దక్షిణాఫ్రికా ప్రపంచంలో అందరికన్నా ముందు గ్రేట్ వైట్‌ను చంపడాన్ని నిషేధించింది. ఆ తర్వాత దవడలు అమ్ముకునేవాళ్ల కన్నా, బతికున్న సొరను చూపించి డబ్బు సంపాదించేవాళ్లు ఎక్కువయ్యారు. దీనివల్ల సొరకు మేలే జరిగిందని నా నమ్మకం. అందుకే పడవ మీద జీవశాస్త్రం చదివిన మనిషి ఉన్నాడా, ప్రతి ట్రిప్పులో చూసిన సొరల వివరాలు పరిశోధకులకు ఇస్తారా అని కూడా ఆ ఈమెయిల్‌లో కలిపి అడగండి. మీ డబ్బు అలాంటివాళ్లకే వెళ్లాలి.

వీసా పనులు రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కేజ్ డైవింగ్‌కు కవరేజీ ఉందని రాతపూర్వకంగా తీసుకోండి, మామూలు పాలసీల్లో సాహస క్రీడలు ఉండవు. దక్షిణాఫ్రికా అయితే దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లడం తేలిక. ఇథియోపియా మీదుగా టికెట్ చవకగా దొరికితే ఎల్లో ఫీవర్ టీకా నిబంధనలు ముందు చూసుకోండి. రెండు దేశాల్లోనూ ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లకు ఈరోజే ఈమెయిల్ పెట్టండి. జవాబులు వచ్చాక ఇక్కడే పెట్టండి, టికెట్ కొనే ముందు కలిసి చూద్దాం.